మిల్లు జట్టు ఆఖరి కీపర్

ఆయనకు ఏది విసిరినా రెండు చేతులతోనే పట్టేవాడు. నిమ్మకాయ కావచ్చు, బండి తాళంచెవి కావచ్చు, సబ్బుబిళ్ళ కావచ్చు. ముందు రెండు అరచేతులూ దగ్గరికి వచ్చేవి, వస్తువు వాటిలో పడేది, వెంటనే చేతులు రెండూ రొమ్ముకు హత్తుకునేవి. అగ్గిపెట్టెను కూడా అలాగే పట్టుకుంటుంటే హోటల్లో టీ తాగేవాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

"ఒక్క చెయ్యితోటి పట్టుడు షోకు. షోకుకు పోతే జారుతది" అనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడ నిలబడ్డా ఒక చెయ్యి వెనక్కి పోయి దేన్నో ఒకదాన్ని తడిమేది. బస్టాండులో ఇనుప స్తంభం, పెళ్ళిలో పందిరి గుంజ, మా ఇంటికి వస్తే తలుపు చెక్క. గోలు ముందు నిలబడేవాడికి తన వెనక ఏముందో కనబడదు. కంబాన్ని చేత్తో తాకి తాను ఎక్కడున్నాడో తెలుసుకోవాలి. ఆట మానేసి నలభై ఏళ్ళు దాటినా ఆ చెయ్యి ఆ పని మానలేదు.

ఇబ్రహీంపట్నంలో ఆయన్ని అందరూ కీపర్ అనేవారు. కొత్త కాలనీల్లోకి వచ్చినవాళ్ళు, ఏదో గోదాముకు స్టోర్ కీపర్‌గా పనిచేసి ఉంటాడనుకునేవారు. అదీ అబద్ధం కాదు. ఇరవై ఏళ్ళు గోదాములోనే పనిచేశాడు.

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో చేపల కోసం సాగర్ రోడ్డు మీద బండి ఆపాను. ఆయనా, ఆయన భార్యా చేపలమ్ముతూ కూర్చునే చోట ఎవరూ లేరు. పక్కన పూలమ్మే ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"కీపర్ పోయిండు గద సారు. పదకొండు రోజులాయె. నీకెవ్వలు చెప్పలేదా?"

చెప్పలేదు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు సందులే. అయినా ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ కారణం నేనే.

నేను ఇక్కడి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాను. ఆయనతో పరిచయం స్కూలు గ్రౌండు దగ్గరే అయింది. పట్నంలో పనిచేసిన మిల్లు మూతపడి ఊరికి తిరిగొచ్చిన కొత్తలో సాయంత్రం పూట కంచె అవతల నిలబడి మా ఆట చూసేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. ఒకరోజు నేనే దగ్గరికి వెళ్ళాను.

"ఎట్లున్నదన్నా మా టీము?" అని అడిగాను.

"టీము నాకు తెల్వది. మీ కీపర్ కంబం దిక్కు జర ఎక్కువ జరిగిండు. రెండో దిక్కు నుంచి కొడితే ఇల్లు తలుపులు తీసి కుల్లా ఉన్నట్టు" అన్నాడు. మాట పూర్తయిందో లేదో గోలు పడింది, ఆయన చెప్పిన వైపు నుంచే. నేను తిరిగి చూసేసరికి ఆయన వెళ్ళిపోతున్నాడు.

ఆ తర్వాత మా స్నేహం ఇరవై ఏళ్ళు సాగింది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేవాడిని. ఆయన నన్ను సారూ అనేవాడు. పెద్ద పోటీలు టీవీలో వచ్చే రోజుల్లో మా ఇంటికి వచ్చి కూర్చునేవాడు. గోలు పడగానే టీవీలో కొట్టినవాణ్ణి చూపిస్తారు. వాడు పరుగెత్తడం, మిగతావాళ్ళు మీద పడి కావలించుకోవడం, చొక్కా విప్పి ఊపడం. ఈయన లేచి నిలబడి టీవీని తిట్టేవాడు. "వాన్ని కాదురా, కీపర్‌ను సూపియ్యి! వాడేం చేస్తున్నడో సూపియ్యి!" మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి నవ్వుకునేది. నాకూ మొదట్లో నవ్వే వచ్చేది.

ఆయన ఆడిన జట్టు సంగతి చెప్పాలి. పట్నంలో అప్పట్లో ఒక బట్టల మిల్లు ఉండేది. ఆ మిల్లుకు ఫుట్‌బాల్ జట్టు ఉండేది. నా తరంవాళ్ళకు దాని గురించి చెప్పనక్కర్లేదు. ఈ తరానికి చెప్పినా నమ్మరు. దేశంలో ఉన్న పెద్ద కప్పులన్నీ ఆ మిల్లు కార్మికులు వరసగా నాలుగేళ్ళు గెలిచారు. మగ్గాల దగ్గర నిలబడేవాళ్ళు, బాయిలర్‌కు బొగ్గు వేసేవాళ్ళు, దారం కండెలు మోసేవాళ్ళు. మా బాపు ఇక్కడి నుంచి పట్నం దాకా సైకిలు తొక్కుకుంటూ పోయి వాళ్ళ ఆట చూసి, ఆ సైకిలు మీదే తిరిగి వచ్చేవాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే వాకిట్లో చెప్పులతో గోల్స్ ఎలా పడ్డాయో చూపించేవాడు. ఆ జట్టు కెప్టెన్ ఫోటోను పేపర్లోంచి కత్తిరించి ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అతికించుకున్నాడు. దేవుడి పటం పక్కన. మేము ఆ ఫోటోకు దండం పెట్టలేదు కానీ, పెట్టమని బాపు చెప్పి ఉంటే పెట్టేవాళ్ళం.

కీపర్ ఆ జట్టులో చేరింది ఆఖరి కప్పు గెలిచిన మరుసటి సంవత్సరం.

"నేను పోయెటాల్లకు కప్పులు అద్దాల బీరువలకు ఎక్కినయి" అనేవాడు. "నేను గెల్చుడు చూడలే సారు. గెల్చినోళ్ళను చూసిన. గంతే."

వాళ్ళది చెరువులో చేపలు పట్టుకుని బతికే ఇల్లు. తండ్రి వెంట పెద్దచెరువులో వల లాగి లాగి చేతులు చాటల్లా తయారయ్యాయి. ఏదో ఊరి పోటీలో ఆయన బంతి పట్టడం చూసి మిల్లు ఆటగాడొకడు తీసుకుపోయి కెప్టెన్ ముందు నిలబెట్టాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు. కెప్టెన్ ఆయన చేతులు తిప్పి చూసి, "ఈ చేతులుంటే నాకు వెనక ఫికర్ లేదు" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం కీపర్ ముఖం ఇరవై ఏళ్ళవాడి ముఖంలా అయ్యేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ వెంటనే నోరు చేదైనట్టు మూతి బిగించేవాడు.

జట్టు ఎలా దిగజారిందో ఆయన వరసగా ఎప్పుడూ చెప్పలేదు. చేప పొలుసు గీకుతూ ఒక ముక్క, టీ చల్లారుతుంటే ఒక ముక్క. బంతి మీద ప్రేమ ఉన్న పెద్దాఫీసరు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చినాయన ఆటను ఆపలేదు, తిట్టలేదు. "ఆయనకు బంతి కనబడలే సారు. మనిషి మంచోడే. ముంగట నుంచి బంతి పోయినా కనబడలే." ఇదివరకు ఆటగాళ్ళను మధ్యాహ్నమే పని నుంచి వదిలేవారు. అది పోయింది. పూర్తి షిఫ్టు చేసి, ముక్కుల్లో దూది పీచుతో, మసక వెలుతురులో ప్రాక్టీసు. ఆటగాళ్ళకిచ్చే పాలూ గుడ్లూ ఆగిపోయాయి. బూట్లు చినిగితే మిల్లు గేటు ముందు చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించుకున్నారు.

అవన్నీ ఆయన దృష్టిలో చిన్నవే. అసలు రోగం వేరే అనేవాడు.

"కప్పులు గెల్చినోళ్ళు ఎవ్వరు దిగలే. ముప్పై అయిదేండ్లు వచ్చినయి, ముప్పై ఏడు వచ్చినయి, దిగలే. దిగుమని చెప్పెటోడు లేడు. గోడ మీద ఫోటో ఉన్నోన్ని తీస్కపోయి బెంచి మీద ఎట్ల కూసవెడ్తరు? కింద మస్తు మంచి పోరగాండ్లు ఉండె. రెండేండ్లు సూసిండ్రు, మూడేండ్లు సూసిండ్రు, వేరే టీములకు పోయిండ్రు. వాళ్ళే వచ్చి మమ్ముల ఓడగొట్టిండ్రు."

ఓసారి అడిగాను, ఓడిపోతుంటే జనం రావడం మానేశారా అని.

"యాడ మానిండ్రు? ముందుగాల గెల్చుడు సూడనీకి వచ్చెటోళ్ళు. తర్వాత ఓడుడు సూడనీకి వచ్చిండ్రు. ఓడుడుకే ఎక్కువ వచ్చిండ్రు."

ఆఖరి మ్యాచ్ సంగతి మాత్రం మాటలతో చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున నన్ను గ్రౌండుకు రమ్మన్నాడు. స్కూలుకు సెలవు, ఎవరూ లేరు. చేతిలో సుద్దముక్క కూడా లేదు, చెప్పు మడమతో మట్టిలో గీతలు గీశాడు. తాను గోలు మధ్యలో నిలబడి, నన్ను పన్నెండడుగుల ముందు నిలబెట్టాడు.

"నువ్వు కెప్టెన్‌వి. నా ముంగట స్టాపర్, వచ్చినోన్ని ఆపెటోడు. నీకు ఆట తెలుసు, కాలేజీల ఇదే జాగల ఆడినవ్ గద. నేను చెప్పినట్టు కదులు."

ఆ మ్యాచ్ ఓడితే జట్టు పై తరగతి నుంచి కింది తరగతికి పడిపోతుంది. దేశాన్ని గెలిచిన జట్టు కొత్తగా పుట్టిన క్లబ్బులతో ఆడుకోవాలి. కెప్టెన్‌కు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆట మొదలయ్యే ముందు ఆయన కీపర్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు గీత మీదనే ఉండు. బయటికి రాకు. ముంగట నేనున్న."

"ఉన్న" అన్నాడు కీపర్ నాతో, ఖాళీ గ్రౌండులో. "అట్లనే ఉన్న."

మొదటి గోలుకు ప్రత్యర్థి ఎటు నుంచి వచ్చాడో తానే పరుగెత్తి చూపించాడు. అరవై దాటిన మనిషి, లుంగీ ఎగ్గట్టి, నా కుడి పక్కనుంచి దూసుకుపోయాడు. నేను తిరగాలి. "మెల్లగ తిరుగు. కాలు నొస్తున్నట్టు తిరుగు" అన్నాడు. తిరిగాను. రెండోది చూపించాడు. మళ్ళీ నా కుడి పక్కనుంచే. మూడోది కూడా అటే. మూడోసారి మళ్ళీ కీపర్‌గా గోలు గీత మీదికి వెళ్ళి, ఒక్క అడుగు ముందుకు వేశాడు, ఆగిపోయాడు.

"మూడోపారి నేను ఉరికిన సారు. ఇగ ఆగద్దనుకున్న. ఆయన ఎన్కకు తిరిగి 'పో లోపలికి' అని ఒర్రిండు. నా కాలు ఆగింది. ఒక్క అడుగు. గా అడుగుల బంతి పోయింది."

రొప్పుతూ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నేను మ్యాచ్ అమ్ముకున్ననన్నరు. అమ్ముకున్న కీపర్ బంతి ఎట్ల ఇడుస్తడు? ఒకటి కింద నుంచి ఇడుస్తడు, ఒకటి మీద నుంచి, ఒకటి చేతుల నుంచి జారగొడ్తడు. మూడు ఒక్క దిక్కు నుంచే ఎందుకు పడ్డయి? చెప్పు. నువ్వు గా జాగల నిలబడ్డవ్ ఇప్పుడు."

నేను ఆ చోట ఏడేళ్ళు ఆడినవాణ్ణి. మోకాలు పోయిన స్టాపర్ ఒక పక్కకే తిరగగలడు. రెండో పక్కకు తిరగాలంటే మొత్తం ఒళ్ళంతా తిప్పుకోవాలి. ఎదుటివాళ్ళు పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు, ఇక ఆ పక్కనుంచే వస్తారు. ఇందులో అనుమానానికి తావే లేదు.

"కుడి మోకాలు" అన్నాను.

ఆయన మట్టిలోనే కూలబడ్డాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడో ఆటలో విరిగి పక్కకు తిరిగిన రెండు వేళ్ళ సందులోంచి నీళ్ళు కారాయి. "నువ్వు సూసినవ్" అన్నాడు. "నువ్వొక్కనివి సూసినవ్."

ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

అమ్ముకోవడం అనే మాట ఎలా పుట్టిందో తర్వాత తెలిసింది. మ్యాచ్ మరునాడు మిల్లు క్యాంటీన్లో కార్మికులు కెప్టెన్ చుట్టూ చేరి, ఇదేంటి సాబ్ ఇలా అయిందని అడిగారు. ఆయన టీ తాగుతూ, "నన్నెందుకు అడుగుతరు? కీపర్‌ను అడుగుండ్రి" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. సాయంత్రానికి ఆ మాటకు కాళ్ళు వచ్చాయి. వారం తిరిగేసరికి, కీపర్ ఎదుటి జట్టు మనిషితో ఏ హోటల్లో కూర్చుని మాట్లాడాడో చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. ఆ మరుసటి సంవత్సరం జట్టునే ఎత్తేశారు. జట్టు ఎందుకు పోయిందని ఎవరినడిగినా ఒకటే జవాబు, కీపర్ అమ్ముకున్నాడు. పాలు ఆగిన సంగతి, బూట్లు కుట్టించుకున్న సంగతి, దిగని ముసలివాళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అంత పెద్ద జట్టు మెల్లమెల్లగా పుచ్చిపోయిందనుకోవడం కంటే ఒకడు ముంచాడనుకోవడం అందరికీ సులువైంది.

ఆయన్ని గోదాముకు వేశారు. దూది బేళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు. క్యాంటీన్‌కు పోతే బల్ల ఖాళీ అయ్యేది. ఇంటి నుంచే డబ్బా తెచ్చుకునేవాడు.

"అప్పుడే చెప్పవలసింది గదన్నా, కెప్టెన్ మోకాలు ముచ్చట" అన్నానొకసారి. పెద్దమనసుతో ఊరుకుని ఉంటాడని నా ఊహ. మనం చదువుకున్న కథల్లో అలాంటివాళ్ళు నోరు విప్పరు కదా.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"చెప్పలేదనుకున్నవా? అందరికి చెప్పిన. విచారణ పెడితే చెప్పిన, కాయితం రాసిచ్చిన. ఆఫీసరు సదివి, 'ఆయన కాలి గురించి మాట్లాడేటంత పెద్దోనివైనవా?' అని కాయితం నా దిక్కే దొబ్బిండు. యూనియనోళ్ళకు చెప్పిన. మా మామకు చెప్పిన. బస్సుల పక్కన కూసున్నోళ్ళకు చెప్పిన. ఎంత చెప్తే గంత దొంగనైన. ఇగ బందు చేసిన."

ఆయన భార్య పక్కనే చేపలు కోస్తోంది. ఆమె మాట కత్తికంటే పదును. "మా తమ్ముని పెండ్లిల ఎవడో తాగి, 'మ్యాచ్ అమ్మిన బావ వచ్చిండు' అన్నడు సారు. అన్నం మీదికెంచి లేసి వచ్చినం. నా పుట్టింటికి మల్ల పోలే నేను." ఇంత మాట చెప్పి, తల కోసిన చేపను తిప్పి రెండోవైపు గీకడం మొదలుపెట్టింది.

ఇక నా సంగతి.

కొంగరకలాన్‌లో కొత్త కలెక్టరాఫీసు వచ్చిన తర్వాతి మాట. మా స్కూలు గ్రౌండులో పెద్ద టోర్నమెంటు పెట్టాం. నేను కార్యదర్శిని, అదే నా ఆఖరి సంవత్సరం సర్వీసు. ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామంటే, ఆ మిల్లు జట్టు కెప్టెన్ ఇంకా బతికే ఉన్నాడని, ఆటల సంఘాల్లో ఆయన మాటకు విలువుందని ఎవరో చెప్పారు. మా గ్రౌండుకు ఇనుప గోలుపోస్టులు లేవు, కర్రలు పాతుకుని ఆడుతున్నాం. ఆయన ఒక్క మాట చెబితే వస్తాయన్నారు. మా బాపు ట్రంకు పెట్టెలోని మనిషి మా ఊరికి వస్తున్నాడన్న సంబరం కూడా నాలో ఉంది. అబద్ధం చెప్పను.

ఆ రోజు మధ్యాహ్నం కీపర్ మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన్ని ఇస్త్రీ చొక్కాలో చూడటం అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు. చెయ్యి వెనక్కి పోయి తలుపు చెక్కను పట్టుకుంది.

"సారు, మైకు నీ చేతిల ఉంటది గద ఇయ్యాల?"

"అవ్."

"ఒక్క ముచ్చట చెప్పు. ఆయన పక్కన కూసున్నప్పుడే చెప్పు. గా మ్యాచ్ కీపర్ అమ్ముకోలే అని. మోకాలు గీకాలు ఏం వద్దు. ఆయన ఇజ్జత్ తియ్యకు. అమ్ముకోలే, గంతే. ఆయన కాదంటడేమో సూద్దాం. అనడు. నా దిక్కు సూస్తే అనలేడు."

"చూద్దామన్నా" అన్నాను.

నేను చూద్దాం అన్నానంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా నన్నెరిగిన మనిషికి తెలిసే ఉండాలి. అయినా తల ఊపి వెళ్ళాడు.

సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. మీర్‌పేట నుంచి, తుర్కయాంజాల్ నుంచి కూడా జట్లు వచ్చాయి. కెప్టెన్ తెల్లటి బట్టల్లో, చేతికర్ర పట్టుకుని, ఇద్దరి ఆసరాతో స్టేజీ ఎక్కాడు. ఎనభై దాటినా మంచి కళ గల ముఖం. నేను మైకులో కీపర్‌ను కూడా స్టేజీ మీదికి పిలిచాను. మా ఊరి మనిషి, ఆ మహాజట్టులో ఆడినవాడు అన్నాను. అంతవరకే అన్నాను. ఆయన వచ్చి ఆ చివర కుర్చీలో కూర్చున్నాడు.

కెప్టెన్ బాగా మాట్లాడాడు. కప్పులు గెలిచిన రోజుల గురించి చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి విన్నారు. ఎవరో కింద నుంచి, "మరి టీము ఎట్ల పోయింది సార్?" అని అరిచారు. ఆయన నవ్వి, చివర కుర్చీ వైపు కర్ర చూపించాడు.

"గదిగో, మీ ఊరోన్నే అడుగుండ్రి. ఆఖరి మ్యాచ్‌ల బంతి వస్తుంటే గీత మీద బొమ్మ లెక్క నిలబడ్డడు. ఒక్కటి కాదు, మూడు! నేను ఎన్కకు సూసి సూసి నా మెడ నొచ్చింది."

జనం పకపకా నవ్వారు. స్టేజీ మీద ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను నవ్వలేదనే అనుకుంటున్నాను. మైకు నా చేతికి వచ్చింది. కీపర్ నా వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు కాదు. కార్నర్ కిక్ కొట్టేవాడి వైపు కీపర్ చూస్తాడే, అలా చూశాడు.

"పెద్దలకు ధన్యవాదాలు. ఇప్పుడు జట్ల పరిచయం" అన్నాను.

ఆయన లేచాడు. దిగిపోతాడనుకున్నాను. నేరుగా కెప్టెన్ దగ్గరికి వెళ్ళి, వంగి, చెవిలో చెప్పినట్టు అడిగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"మోకాలు ఎట్లున్నది సాబ్?"

కెప్టెన్ తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. అడిగినదేమిటో కూడా అర్థమైంది. ఆ ముఖంలో ఒక్క క్షణం భయం లాంటిదేదో కదిలింది. అది కదలడం నా కళ్ళతో చూశాను.

"ఏ మోకాలు?" అన్నాడు.

కీపర్ నిటారుగా లేచి నిలబడ్డాడు. తర్వాత మెట్లు దిగి, జనంలోంచి దారి చేసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

కారు ఎక్కేటప్పుడు కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు. గోలుపోస్టుల సంగతి మాట్లాడతానన్నాడు. "గా కీపర్‌కు జర చెప్పుండ్రి సార్, పాతవన్ని తవ్వద్దని. గా టీముల చచ్చిపోయినోళ్ళు మస్తుమంది ఉన్నరు. అందరి ఇజ్జత్ ఉంటది అండ్ల" అన్నాడు. నేను సరేనన్నాను.

సరేనని ఊరుకున్నా బాగుండేది. మరునాడు పొద్దున్నే సాగర్ రోడ్డుకు వెళ్ళి ఆ మాట చేరవేశాను. ఎందుకు చేరవేశానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. ముందురోజు మైకు దగ్గర నేను చేసిన పనికి ఏదో ఒక కారణం చూపించాలనిపించింది కాబోలు.

"కెప్టెన్ గారు ఒక మాట చెప్పుమన్నరన్నా. పాత ముచ్చట్లు తియ్యద్దన్నరు. చచ్చిపోయినోళ్ళ ఇజ్జత్ ఉంటది అన్నరు."

ఆయన చేతిలో బొచ్చె చేప ఉంది. గీకడం ఆపాడు.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? సరే అన్న. స్కూలుకు పోస్టులు ఇప్పిస్తనన్నడు..."

చేపను ముక్కలు చేశాడు. కడిగాడు. కవర్లో వేసి, ముడి వేసి, నా చేతికిచ్చాడు.

"ఇగ పో సారు. గిరాకి ఉన్నది."

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. పోస్టులు రెండు నెలల్లో వచ్చాయి. ఆ తర్వాత మూడేళ్ళు పదిహేను రోజులకోసారి ఆయన దగ్గరే చేపలు కొన్నాను. కావాలనే అక్కడికే వెళ్ళేవాడిని. నమస్తే అన్నా అంటే తల ఊపేవాడు. చేప మంచిదే ఇచ్చేవాడు, తూకంలో కూడా మొగ్గు నా వైపే. నోరు మాత్రం విప్పేవాడు కాదు. టీవీలో పెద్ద పోటీలు వచ్చాయి, మా ఇంటికి రాలేదు. మా ఆవిడ రెండుసార్లు కబురు పెట్టింది. స్కూలు గ్రౌండు పక్క దారిని కూడా వదిలేసి, చుట్టు తిరిగి పోయేవాడని విన్నాను. కోపమైతే చల్లారుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. కెప్టెన్ ఆ మధ్యలోనే పోయాడు. పేపర్లో పెద్ద ఫోటో వేశారు. ఆ రోజు కూడా కీపర్ ఎప్పటిలాగే చేపలు గీకుతూ కూర్చున్నాడు. ఆ పేపరు మడిచి నేను సంచిలో దాచుకుని ఆయన ముందు నిలబడ్డాను, చూపించాలా వద్దా అని. చూపించలేదు.

పూలమ్మే ఆమె చెప్పిన రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకు మీర్‌పేటలో ఉద్యోగం, దినాలైపోయి తిరిగి వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కతే వాకిట్లో చాప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. చాప కొంచెం ఇటు జరిపింది. కూర్చున్నాను.

"ఎట్ల పోయిండు వదినె?"

"పొద్దుగాల లేసిండు, చాయ తాగిండు, ఛాతిల నొస్తదన్నడు. దవాఖానకు పోదామని ఆటో పిలిచెటాల్లకే అయిపోయింది." గింజ తీసి పక్కన పడేసింది. "తిప్పల పెట్టలే, తిప్పల పడలే."

క్షమించమని అడగాలని వచ్చాను. ఎవరిని అడగాలో తెలియలేదు. చివరికి అడగకూడనిదే అడిగాను.

"నా గురించి ఏమన్న అనెటోడా వదినె? తిట్టెటోడా?"

"తిట్టలే." ఆమె ఇంకో గింజ తీసింది. "నేనే అడిగిన ఒక్కపారి. వాళ్ళందరు నిన్ను దొంగవన్నా మాట్లాడినవ్. నిన్ను నగుబాటు చేసిన కెప్టెన్‌తోని గూడ పోయి మాట్లాడినవ్. సారు నిన్నేమన్నడని, ఆయనతోని మాట్లాడ్తలేవు అన్న."

"ఏమన్నడు?"

"'వాళ్ళు నమ్మలే, అందుకే అన్నరు. సారు నమ్మిండు. నమ్మి గూడ ఊకున్నడు' అన్నడు. గంతే."

ఆమె చింతపండు గంప ముందుకు లాక్కుంది. నేను కూడా ఒక కాయ తీసుకున్నాను. ఆమె వద్దనలేదు. చీకటి పడేదాకా ఇద్దరం గింజలు తీస్తూ కూర్చున్నాం.